ఎర్రదీపం దగ్గర ఆగిన మాట

దీపాలావిడ మన అమ్మగారి నోరు నొక్కేసిందట. ఆ వీధిలో ఇప్పటికీ ఇదే చెప్పుకుంటారు. పెద్దదేశం వాళ్ళు ముందే వచ్చి గుట్టుగా మాట్లాడుకుని వెళ్ళారట. అమ్మగారు సరిగ్గా అసలు మాట చెప్పబోయే సమయానికి మైకు పుటుక్కున కట్టేసిందట. ఆ దెబ్బకే అమ్మగారు ఓడిపోయారట. లేకపోతే ఆ ఇంటికి కొత్త కిటికీలు ఎక్కడినుంచి వచ్చాయి, మీరే చెప్పండి అంటారు.

కిటికీల సంగతి ముందు చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అవి పాత బస్సు కిటికీలు. దీపాలావిడ భర్త బస్సు డిపోలో మెకానిక్. తుక్కు కింద పోయే బస్సునుంచి అద్దాలు ఊడదీసి తెచ్చి, చెక్క చట్రంలో బిగించాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక అద్దం మీద "చేతులు బయట పెట్టరాదు" అని ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ పుకారు పుట్టించేవాళ్ళు దగ్గరికి వెళ్ళి చూడరు కదా.

ఆ ఊళ్ళో దేశాలన్నీ కలిసి కూర్చుని మాట్లాడుకునే పెద్ద సభ ఉంది. దీపాలావిడ పని ఆ సభ హాల్లోనే. వేదిక కింద, ఎడమ పక్కన, మోకాళ్ళు పట్టేంత చిన్న బల్ల ఆమెది. దాని మీద ఒక గడియారం, మూడు మీటలు, మూత వేసిన ఇంకో మీట. మాట్లాడేవాళ్ళు మొదలుపెట్టగానే వాళ్ళ ముందు పచ్చదీపం వెలగాలి. కాస్త సమయం మిగిలి ఉందనగా పసుపు దీపం. అయిపోగానే ఎరుపు. అప్పటికీ ఆపకపోతే, సూపర్నెంటు సైగ చేస్తే, మూత తీసి ఆ నాలుగో మీట నొక్కాలి. మైకు ఆగిపోతుంది.

ఇంత చిన్న పనికి ఒక మనిషెందుకు అనుకుంటారు చాలామంది. ఆమెకి ముందు ఆ బల్ల దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. రిటైరవుతూ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "దీపానికి దేశం తెలియకూడదమ్మాయ్. తెలిసిందా, ఇక నువ్వు ఇంట్లో ఫ్యాను మీట వేసుకోవడానికి కూడా పనికిరావు" అన్నాడు. ఆమెకి ఆ మాట కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పిల్లలకి పాలు పోస్తే ఈమె తాగేది కాదు. గ్లాసులన్నీ పక్కపక్కనే పెట్టి, నేల మీద బోర్లా పడుకుని, పాలు సమానంగా ఉన్నాయా లేదా అని ఒక కన్ను మూసి చూసేది. ఈలోగా తమ్ముడు తన గ్లాసుతో పాటు ఈమెదీ తాగేసేవాడు.

ఏళ్ళు గడిచినా ఉద్యోగం మాత్రం టెంపరరీనే. ఈసారి పర్మినెంటు చేస్తారని, కాగితం సూపర్నెంటు గారి బల్ల మీదికి వచ్చిందని అందరూ అన్నారు. ఆ సూపర్నెంటుని హాలు సిబ్బంది వెనకాల సర్దుబాటు సారు అనేవాళ్ళు. ఎండలో నిలబెట్టినా, వానలో నిలబెట్టినా ఆయన నోట ఒకటే మాట: "చూద్దాం, సర్దుకుపోదాం."

సరిగ్గా అప్పుడే సభకి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవలసి వచ్చింది. పోటీలో ఇద్దరే నిలబడ్డారు. ఒకాయన పెద్దదేశం మనిషి. రెండో ఆవిడ ఈ దేశం తరఫున ఏళ్ళ తరబడి సభలో వెనక వరసలో కూర్చుంటూ వచ్చిన రాయబారి. ఊరంతా ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్ళు. ఓట్లకు ముందురోజు ఇద్దరూ వేదిక ఎక్కి, గెలిస్తే ఈ సభని ఎలా నడుపుతారో చెప్పాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ప్రశ్నలుండవు.

ఆ రోజు వేసుకోవడానికి అమ్మగారు కోటు కుట్టించుకున్నది దీపాలావిడ ఇంట్లోనే. ఆమె వదిన అని పిలిచే ఆడపడుచు, భర్తకి అక్క, ముందుగదిలో టైలరు షాపు నడుపుతుంది. అమ్మగారు కొలతలివ్వడానికి స్వయంగా వచ్చారు. ఇక చూడండి, వదినకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

"చెయ్యెత్తితే భుజం దగ్గర లాగకూడదమ్మా, నేను చేతులూపుతూ మాట్లాడతాను అన్నారే" అని ఎవరు గుమ్మం తొక్కినా చెప్పేది. "నేనన్నానూ, మీరు కొండ ఎత్తినా నా కుట్టు ఊడదమ్మగారూ అని."

కోటు పూర్తయిన సాయంత్రం వదిన బొత్తాలు కుడుతూ, కళ్ళెత్తకుండానే అడిగింది. "అమ్మాయ్, రేపు అమ్మగారి వంతులో ఆ ఎర్రదీపం కాస్త నిదానంగా వెయ్యకూడదూ?"

"నిదానంగా అంటే ఏంటి వదినా?"

"ఏముందీ, నీ చెయ్యి బల్ల కింద కాస్త తడుముకుంటుంది. ఈ లోపల ఆవిడ నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకుంటారు. ఎవరి సొమ్మేం పోయింది?"

గుమ్మం దగ్గర చేతులకి అంటిన గ్రీజు తుడుచుకుంటున్న భర్త నవ్వాడు. "బ్రేకు నిదానంగా వేస్తే బస్సు ఎక్కడాగుతుందో తెలుసా అక్కా? ముందు బస్సులో."

"నువ్వు నోరుమూసుకో. మీ ఆవిడ పర్మినెంటు అయ్యేది కూడా అమ్మగారు గెలిస్తేనే."

దీపాలావిడ వంగి, నేల మీది దారం ముక్కలు ఏరి బుట్టలో వేసింది. ఆమె ఊరుకుందంటే ఒప్పుకుందని వదిన అనుకుంది. ఆ ఇంట్లో తగాదాల్లో సగం అక్కడే పుట్టేవి.

మర్నాడు హాలు క్రిక్కిరిసిపోయింది. పై గ్యాలరీలో చూడవచ్చినవాళ్ళ మధ్య వదిన కూడా ఉంది. అమ్మగారి మనుషులు ఆమెకి పాసు ఇప్పించారు. చీటీలు తీస్తే మొదటి వంతు పెద్దదేశం ఆయనకి వచ్చింది.

ఆయన చక్కటి మాటకారి. సభకి కొత్త భవనం కట్టిస్తానన్నాడు, అన్ని భాషల్లో రేడియో పెడతానన్నాడు, పేద దేశాల పిల్లలకి చదువు చెప్పిస్తానన్నాడు. పసుపు దీపం వెలిగింది. ఆయన మంచినీళ్ళు తాగాడు. ఎరుపు వెలిగింది. ఆయన దాన్ని చూశాడు కూడా. చూసి, పేజీ తిప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.

దీపాలావిడ నాలుగో మీట మూత తీసి, గోడవార నిలబడ్డ సర్దుబాటు సారు వైపు చూసింది. ఆయన అరచెయ్యి కిందికి ఆడించాడు. ఆగు, ఆగు అని. ఆమె ఆగింది. పెద్దదేశం ఆయన తన అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి చెప్పాడు, అందరికీ ధన్యవాదాలు చెప్పాడు, ధన్యవాదాలు చెప్పే అవకాశం వచ్చినందుకు మళ్ళీ ధన్యవాదాలు చెప్పాడు. దిగేసరికి గడియారంలో రెండు నిమిషాలకు పైగా అదనం. ఎవరూ కిక్కురుమనలేదు.

తర్వాత అమ్మగారు ఎక్కారు. దీపాలావిడ పచ్చదీపం వేసింది.

"నేను గెలిస్తే మూడు పనులు చేస్తాను" అన్నారు అమ్మగారు. గొంతు పెంచలేదు. "యుద్ధం గురించి ఇక్కడ గంటలకొద్దీ మాట్లాడతాం. ఆ యుద్ధం ఎవరి ఇళ్ళ మీద పడుతోందో వాళ్ళ వంతు వచ్చేసరికి అందరం భోజనానికి లేచిపోతాం. ఇకమీదట వాళ్ళే ముందు మాట్లాడతారు. విన్నాకే మనం నోరు విప్పుతాం. రెండోది. నలుగురు ఒక గదిలో తలుపేసుకుని తేల్చుకొస్తారు, ఇక్కడ మనం చేతులెత్తుతాం. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో బయటికి చెప్పకుండా ఏ తీర్మానాన్నీ ఈ బల్ల మీదికి రానివ్వను."

వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. చప్పట్ల సమయం కూడా మాట్లాడేవాళ్ళ లెక్కలోకే వస్తుంది. అది ఆ హాలు పద్ధతి. మామూలుగా అయితే దీపాలావిడకి చప్పట్లంటే ఇష్టం. ఆ రోజు ఆ చప్పట్లు ఎప్పుడాగుతాయా అని పంటి బిగువున కూర్చుంది.

"మూడోది" అన్నారు అమ్మగారు. "పెద్ద దేశం మాట్లాడుతుంటే మనం గడియారం వైపు చూడం. చిన్న దేశం మాట్లాడుతుంటే గడియారం తప్ప ఇంకేమీ చూడం. నేను ఆ కుర్చీలో కూర్చుంటే ఎర్రదీపం అందరికీ ఎర్రగానే వెలుగుతుంది. నాతో సహా."

ఈసారి చప్పట్లు ఇంకా ఎక్కువసేపు మోగాయి. దీపాలావిడ పసుపు వేసింది.

ఇప్పుడు ఆమె పని కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎర్రదీపం వేశాక అమ్మగారిని మాట్లాడనిస్తే, ఇప్పుడే అన్నమాట ఇప్పుడే అబద్ధమైపోతుంది. మైకు కట్టేస్తే, ఆయనకి ఇచ్చిన సమయం ఈవిడకి ఇవ్వనట్టు అవుతుంది. ఏది చేసినా ఒక గ్లాసులో పాలు తక్కువే.

"చివరగా ఒక్క మాట" అన్నారు అమ్మగారు. "మన మధ్య కొన్ని ద్వీప దేశాలున్నాయి. వాటిని సముద్రం కొంచెం కొంచెంగా మింగేస్తోంది. నేలంటూ మిగలని దేశానికి ఈ సభలో కుర్చీ మిగులుతుందా అని వాళ్ళు అడుగుతున్నారు. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. నా జవాబు..."

దీపాలావిడ ఎరుపు వేసింది. వెయ్యక తప్పదు, సమయం అయిపోయింది.

వేస్తూనే గోడవైపు చూసింది. సర్దుబాటు సారు ఈసారి అరచెయ్యి ఆడించలేదు. వేలితో మెడ మీద అడ్డంగా గీత గీశాడు. కట్ చెయ్యి. సొంత దేశం ఆవిడకి సిబ్బంది సాయం చేశారన్న మాట వస్తుందేమోనని ఆయన ముఖం పాలిపోయింది. ఆమె మూత తీసింది. వేలు మీట మీద ఆనించింది. నొక్కలేదు. ఆయనకి నొక్కని మీట ఈవిడకి నొక్కడానికి ఆమెకి చెయ్యి రాలేదు. సర్దుబాటు సారు మళ్ళీ గీత గీశాడు. ఆమె వేలు అక్కడే ఉండిపోయింది.

అమ్మగారు ఎర్రదీపం చూశారు. సగం తెరిచిన నోరు మూసుకున్నారు. కాగితాలు మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ద్వీప దేశాలవాళ్ళు కూర్చున్న వైపునుంచి ఎవరో అరిచారు, "మైకు కట్టేశారు!" ఇంకేముంది, పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట హాలు చివరికి వెళ్ళి, బయట విలేకరుల గుంపులోకి దూకి, దీపాలావిడ బస్సెక్కి ఇంటికి చేరేలోగా వీధి మలుపు దగ్గర నిలబడి ఆమె కోసం ఎదురుచూస్తోంది.

విలేకరులు అమ్మగారిని అడిగారు. "నా సమయం అయిపోయింది, ఆపేశాను" అన్నారు ఆవిడ. ఎవరూ నమ్మలేదు. ఎంత పెద్ద మనసు, ఎవరినీ ఒక్క మాట అనడం లేదు చూడు అన్నారు.

ఇంట్లో వదిన కత్తెర బల్ల మీద విసిరేసింది. "నా చేత్తో కోటు కుట్టాను. నీ చేత్తో ఆవిడ గొంతు కోశావు. ఒకే ఇంట్లోనుంచి రెండూ!"

"మైకు కట్టెయ్యలేదు వదినా."

"నా కళ్ళముందు జరిగిందే! నాకే చెబుతావా కాకమ్మ కబుర్లు?"

"నేను నొక్కలేదు. ఆవిడే ఆగిపోయారు."

"జవాబు చెప్పబోతూ ఎవరైనా ఆగుతారా? ముద్ద నోటిదాకా తెచ్చుకుని కింద పెట్టేస్తారా?"

భర్త ఏదో అనబోయాడు. వదిన వేలు చూపించింది. వెళ్ళి కిటికీ బిగించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఓట్లకు ముందు, దీపాలావిడని హాలు అధికారి గదికి పిలిచారు. అధికారి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. సర్దుబాటు సారు ఆమెకి కుర్చీ కూడా లాగాడు. అన్నేళ్ళలో ఆయన కుర్చీ లాగడం అదే మొదలు.

"చూడమ్మా" అన్నాడు అధికారి. "అమ్మగారి మనుషులు గొడవ చేస్తున్నారు. ద్వీప దేశాలవాళ్ళు కూడా. నిన్న పొరపాటున చెయ్యి తగిలి మైకు ఆగిపోయిందని నువ్వు రాసిస్తే, ఓట్లకు ముందు అమ్మగారికి ఇంకో రెండు నిమిషాలు ఇస్తాం. ఆ జవాబేదో చెప్పుకుంటారు. గొడవ సద్దుమణుగుతుంది."

"మైకు ఆగలేదండీ. నేను మీట నొక్కలేదు."

సర్దుబాటు సారు ఉలిక్కిపడ్డాడు. అప్పటిదాకా ఆమె తన సైగ చూసి నొక్కిందనే ఆయన నమ్మకం. "నొక్కలేదా? నేను చెప్పినా..." అని, అధికారి తన వైపు తిరగగానే, "అంటే, నేనేం చెప్పలేదనుకోండి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. వెంటనే గొంతు మెత్తబరిచాడు. "తగిలిందో లేదో ఇప్పుడెవరు చూడొచ్చారమ్మా? రాసెయ్యి. సర్దుకుపోదాం. నీ పర్మినెంటు కాగితం నా దగ్గరే ఉంది. మరిచిపోకు."

ఆమె ముందు కాగితం, పెన్ను పెట్టారు. రాస్తే ఎంతమందికి మేలు! అమ్మగారి జవాబు అందరూ వింటారు. ఓట్లు మారవచ్చు, ఆవిడ గెలవవచ్చు. వదిన మళ్ళీ ముఖం చూసి మాట్లాడుతుంది. ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. పోయేదల్లా ఒక చిన్న అబద్ధం. రాయకపోతే, ఆవిడ ఓడిపోతే, ఆ ఓటమి తన నెత్తి మీదే పడుతుంది.

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా.

"రెండు నిమిషాలు కావాలని అమ్మగారు అడిగారాండీ?"

అధికారి విసుక్కున్నాడు. "ఆవిడ అడగలేదు. ఆవిడ మనుషులు అడుగుతున్నారు. ఇప్పుడదంతా ఎందుకు నీకు?"

ఆమె పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "అయితే నేను రాయనండీ" అంది. లేచి, సర్దుబాటు సారు లాగిన కుర్చీని మళ్ళీ బల్ల కిందికి నెట్టింది.

ఓట్లలో అమ్మగారు ఓడిపోయారు. తేడా పెద్దదేం కాదు. ద్వీప దేశాలు కొన్ని అటు వేశాయి, కొన్ని ఎటూ వెయ్యలేదు. జవాబు వినకుండా ఎలా వేస్తాం అన్నారట. ఆ మాట దీపాలావిడ చెవిన పడ్డప్పుడు ఆమె నీళ్ళ సీసాలు సర్దుతోంది. కాసేపు సర్దడం ఆపి, ఖాళీ వేదిక వైపు చూసి, మళ్ళీ సర్దుకుంది. ఆ వారంలోనే ఆమెని దీపాల బల్ల నుంచి తీసేసి, వచ్చినవాళ్ళు కోట్లూ గొడుగులూ విడిచిపెట్టే గదికి వేశారు. అక్కడా టెంపరరీనే.

వదిన మాట్లాడటం మానేసింది. అవసరమైన మాటలు గోడకి చెప్పేది: "ఎవరైనా గిన్నె దించితే బాగుండు." దీపాలావిడ దించేది. భర్త మధ్యలో నలిగిపోయి, డిపోలో ఓవర్‌టైములు అడిగి మరీ చేశాడు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చింది. దీపాలావిడ అప్పుడే పని నుంచి వచ్చి, మూల కూర్చుని వదినకి బొత్తాలు వేరుచేసి ఇస్తోంది. మాటల్లేకపోయినా చేతిపని మాత్రం ఆగలేదు. నర్సమ్మ కోటు సంగతి అడిగింది. వదినకి అంతకంటే ఏం కావాలి!

"నా కళ్ళారా చూశానమ్మా. పై గ్యాలరీలో, అందరికంటే వెనక వరసలో కూర్చున్నాను. నా జవాబు అన్నారో లేదో, మైకు పోయింది. పాపం, అంత అవమానం జరిగినా ఆ తల్లి ముఖం మాడ్చుకోలేదు. కాగితాలు మడుచుకున్నారు. వేదిక అంచున ఫోటోలు తీసేవాడు ఒకడు అడ్డంగా నిలబడ్డాడు. 'కాస్త జరుగు నాయనా, పడిపోతావు' అన్నారు. తనకి ఇంత జరిగినా, ఎవడో పడిపోతాడేమోనని చూసుకున్నారమ్మా! అంత మెల్లగా, అంత మర్యాదగా."

దీపాలావిడ చేతిలో బొత్తాలు ఆగిపోయాయి. ఆ మాట తనకి వినపడలేదు. ఆ క్షణంలో తన వేలు తప్ప ఆమెకి ఇంకేమీ గుర్తులేదు.

"మెల్లగానే అన్నారా వదినా?"

నేరుగా తననే అడిగేసరికి తడబడి, వదిన గోడ సంగతి మరిచిపోయింది. "మెల్లగానే. పక్కవాడితో అన్నట్టు."

"మరి నీకెలా వినపడింది?"

"ఎలా ఏంటి, చెవులతో. హాలంతా..." అని వదిన ఆగింది. టేపు నర్సమ్మ భుజం మీదే ఉండిపోయింది. నర్సమ్మ ఒకసారి ఈమె వైపూ ఒకసారి ఆమె వైపూ చూసి, "కొలిచారా అమ్మా?" అంది.

వదిన కొలిచిన చోటే మళ్ళీ కొలిచింది.

ఆ గ్యాలరీకి ముందంతా అద్దం గోడ. హాల్లో అన్న మాట మైకులోంచి వస్తే తప్ప పైవాళ్ళకి వినపడదు.